మా ఇంట్లో మూడు నూనె డబ్బాలు, మూడు మాటలు. రోజువారీ వంటకి ఏది వాడాలి?

కిట్టూ వాళ్ళమ్మ (సీతమ్మధార) | మార్చి 4, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. మా ఆయనకి 43 ఏళ్ళు. ఆఫీసులో చేయించిన రక్తపరీక్షలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 164 వచ్చింది. డాక్టర్ గారు మూడు నెలలు టైమిచ్చారు. రోజూ నడవమన్నారు, తిండి సరిచేసుకోమన్నారు, జూన్‌లో మళ్ళీ పరీక్ష చేయించి రమ్మన్నారు. లేచి వచ్చేస్తుంటే "నూనె కూడా మార్చండి" అన్నారు. ఏ నూనెకి మార్చాలో అడిగేలోపే తర్వాతి పేషెంటు లోపలికి వచ్చేశారు.

ఇంటికొచ్చాక అసలు సంగతి మొదలైంది. మా అత్తగారిది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. "మంచి నూనె అంటేనే నువ్వుల నూనె. మా అమ్మ అదే తిని ఎనభై ఏళ్ళు బతికింది" అంటారు. మా ఆయన ఫోన్లో ఏదో చూసి తవుడు నూనె పట్టుకొచ్చారు. హైదరాబాద్‌లో ఉన్న మా ఆడపడుచేమో రిఫైన్డ్ నూనె అంటే విషమే, గానుగ నూనె తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దని రోజుకో వీడియో పంపుతోంది. ఇన్నాళ్ళూ నేను వాడింది సన్‌ఫ్లవర్. పోపు వేద్దామని నిలబడితే ఏ డబ్బా మూత తియ్యాలో తెలియడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ఉక్కునగరం మావయ్య | మార్చి 4, రాత్రి 10:02

అమ్మా, ముందు కంగారు తగ్గించుకో. 2018లో నాకు స్టెంట్ వేశారు. ఇంటికొచ్చాక నేనూ నీలాగే ఏ నూనె, ఏ నూనె అని ఆరు నెలలు తిరిగాను. డబ్బాలు మారుస్తూ పోయాను, రిపోర్టు మాత్రం మారలేదు. అందుకని ముందు నిన్నొకటి అడుగుతాను. మీ ఇంట్లో నెలకి ఎంత నూనె అవుతోంది? తినేది ఎంతమంది? నెయ్యి కూడా కలిపి చెప్పు.

కిట్టూ వాళ్ళమ్మ | మార్చి 4, రాత్రి 10:20

అంకుల్, ఐదుగురం. మేమిద్దరం, అత్తగారు, ఇద్దరు పిల్లలు. సన్‌ఫ్లవర్ 5 లీటర్ల డబ్బా ఒకటి, నువ్వుల నూనె లీటరు, నెయ్యి అరకిలో. పండగ నెలైతే ఇంకో లీటరు పడుతుంది.

ఉక్కునగరం మావయ్య | మార్చి 5, ఉదయం 6:40

కాగితం మీద వేశాను, చూడు. లీటరు నూనె బరువు 910 గ్రాములు. ఆరు లీటర్లంటే 5,460 గ్రాములు. నెయ్యి 500 కలిపితే 5,960. ఐదుగురు, ముప్పై రోజులు, మొత్తం 150 మనిషి-రోజులు. భాగిస్తే మనిషికి రోజుకి దాదాపు 40 గ్రాములు. ఇది ఇంట్లో పొయ్యి మీద వాడినది మాత్రమే. బయట తిన్న బజ్జీలు, బిస్కెట్లు, ఆదివారం బిర్యానీ ఈ లెక్కలో లేవు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, రోజుకి 2,000 కేలరీల భోజనానికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు చాలన్నారు. ఆ లెక్కన మీ ఐదుగురికి నెలకి నాలుగున్నర లీటర్ల లోపు, అదీ నెయ్యితో సహా. పిల్లలు చిన్నవాళ్ళైతే ఇంకా తక్కువే సరిపోతుంది.

మీ అత్తగారి మాట తప్పనడం లేదమ్మా. నువ్వుల నూనె మంచిదే. కాకపోతే వాళ్ళమ్మగారు నెలకి ఎంత నూనె వాడేవారో ఒక్కసారి అడుగు.

మధురవాడ డైటీషియన్ | మార్చి 5, మధ్యాహ్నం 1:30

మావయ్యగారి లెక్క సరిగ్గా ఉంది. ఓపీలో రోజూ నేను వినే మొదటి ప్రశ్న "ఏ నూనె మంచిది మేడమ్" అనే. "ఎంత వాడుతున్నారు" అని నేను అడిగితే సగం మంది దగ్గర జవాబు ఉండదు. నూనె ఏదైనా గ్రాముకి 9 కేలరీలే. గానుగదైనా, ఆలివ్ అయినా, ప్యాకెట్‌దైనా ఇందులో తేడా లేదు. పెద్ద చెంచాడు నూనెలో 120 కేలరీల దాకా ఉంటాయి.

ఇప్పుడు ఏ నూనె అన్న సంగతి. ఎల్‌డీఎల్‌ని ఎక్కువగా పెంచేది సంతృప్త కొవ్వు (శాచురేటెడ్ ఫ్యాట్). నూటికి ఎంత ఉంటుందో ఉజ్జాయింపుగా చెప్తాను. కొబ్బరి నూనెలో 90 దాకా, నెయ్యిలో 60 పైన, పామోలిన్‌లో (పలచటి పామాయిల్) 40 పైన. తవుడు నూనెలో 20 పైచిలుకు, వేరుశెనగలో 20 లోపు, నువ్వుల నూనెలో 15 దగ్గర, సన్‌ఫ్లవర్‌లో 10 నుంచి 12. అంటే మీ స్టవ్ పక్కనున్న మూడు డబ్బాల్లో చెడ్డది ఒక్కటీ లేదు. మీ ఇంట్లో ముందు తగ్గించాల్సింది నెయ్యి. ఆ తర్వాత బయట తినేవి, వాటిలో చాలావరకు పామాయిలే ఉంటుంది.

ఇక వీటిలో ఒక్కోదానికి ఒక్కో గుణం. సన్‌ఫ్లవర్‌లో ఒమేగా-6 అనే కొవ్వు ఎక్కువ, విటమిన్-ఇ ఉంటుంది, ఒమేగా-3 అనే కొవ్వు దాదాపు లేదు. వేరుశెనగ, నువ్వులు, తవుడు నూనెల్లో ఏక అసంతృప్త కొవ్వు (మోనో అన్‌శాచురేటెడ్ ఫ్యాట్) కొంచెం ఎక్కువ, అందుకని వేడికి నిలకడగా ఉంటాయి. తవుడు నూనెలో ఒరైజనాల్ అనే పదార్థం ఉంది, అది ఎల్‌డీఎల్‌ని కొద్దిగా తగ్గిస్తుంది. కొద్దిగానే సుమా, మందులా పనిచేస్తుందని అనుకోవద్దు. అందుకే ఒక్క నూనెనే పట్టుకుని కూర్చోకుండా రెండు మూడు రకాలు మార్చి మార్చి వాడమని పోషకాహార సంస్థ కూడా చెప్తోంది.

మీ ఇంటికి నా సలహా: వేపుళ్ళకి, కూరలకి వేరుశెనగ గానీ తవుడు నూనె గానీ. పప్పు పోపుకి, పులుసుల్లోకి, పొడుల్లో కలుపుకోవడానికి అత్తగారి నువ్వుల నూనె. సన్‌ఫ్లవర్ డబ్బా పారబొయ్యకండి, అది అయ్యేదాకా వాడి తర్వాత వేరే నూనె తెచ్చుకోండి. డాక్టర్ గారు మాత్రలు రాస్తే అవి మానేసి నూనెతో సరిపెట్టుకోవద్దు.

ఆడపడుచు గారి వీడియోల గురించి సాయంత్రం రాస్తాను, ఇప్పుడు ఓపీ ఉంది.

పూర్ణా మార్కెట్ కిరాణా | మార్చి 5, మధ్యాహ్నం 3:10

నూనె అమ్మే వాడిగా రెండు మాటలు చెప్తాను. ప్యాకెట్ కొనేటప్పుడు ముందువైపు బొమ్మ చూడకండి, వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. ముందు వేరుశెనగ కాయల బొమ్మ ఉంటుంది, వెనక చూస్తే పామోలిన్ 80 శాతం, వేరుశెనగ 20 శాతం అని ఉంటుంది. అలా కలిపి అమ్మడం చట్టప్రకారం తప్పు కాదు. రెండు నూనెలు కలపవచ్చు, ఒక్కోటి కనీసం 20 శాతం ఉండాలి, ఎంతెంత ఉన్నాయో రాయాలి. రాస్తున్నారు కూడా. మనమే చదవడం లేదు.

రెండోది బరువు. అన్ని ప్యాకెట్లూ ఒకే సైజులో కనపడతాయి. కొన్ని 910 గ్రాములు, కొన్ని 850, కొన్ని 750 కూడా ఉన్నాయి. నలభై రూపాయలు తక్కువని సంబరపడి తీసుకుంటారు, బరువు చూస్తే లెక్క సమానమే. పైన మావయ్యగారు వేసిన లెక్క వెయ్యాలన్నా ఈ బరువు చూడాల్సిందే.

"కొలెస్ట్రాల్ లేదు" అని పెద్దగా వేస్తారు కదా, గింజల్లోంచి తీసిన ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. పామాయిల్‌లోనూ ఉండదు. ప్లస్ ఎఫ్ గుర్తు ఉంటే విటమిన్-ఎ, డి కలిపారని అర్థం, అది పనికొచ్చే గుర్తు.

డబ్బాలోంచి గరిటెతో కొలిచి పోసే విడి నూనె కొనకండి. విడిగా అమ్మడం నిషేధం. అయినా అమ్మేవాళ్ళున్నారు. అందులో ఏం కలిసిందో కొన్నవాడికీ తెలియదు, చాలాసార్లు అమ్మినవాడికీ తెలియదు.

జాలరిపేట కోడలు | మార్చి 5, సాయంత్రం 5:45

డైటీషియన్ గారు ఒమేగా-3 లేదన్నారు కదా, దానికి డబ్బాలు వెతుక్కోవడం దేనికక్కా, మన విశాఖలో సముద్రం పెట్టుకుని. కవళ్ళు, కానగర్తలు లాంటి చేపలు తినండి. వంజరం అంత ఖరీదు ఉండవు, ఆ కొవ్వు కవళ్ళు, కానగర్తల్లోనే ఎక్కువ. ఫిషింగ్ హార్బర్‌కి తెల్లారేసరికి వెళ్తే తాజావి దొరుకుతాయి.

కానీ వేపుకోవద్దు. మా అత్త కవళ్ళ పులుసు ఎలా చేస్తుందో చెప్తాను. మట్టి దాకలో ఒక్క చెంచా నూనె వేసి ఉల్లిపాయ, పచ్చిమిర్చి మగ్గనిస్తుంది. చింతపండు పులుసు పోసి, అది తెర్లేటప్పుడు చేపలు పరిచి, గరిటె పెట్టకుండా దాకనే పట్టుకుని తిప్పుతుంది. దించేముందు మూత తీస్తే పైన పలచగా మెరుస్తూ నూనె తేలి ఉంటుంది. అది మనం పోసినది కాదు, చేపదే. అంత చక్కటి చేపని తెచ్చి మూకుడు నిండా నూనెలో ముంచేస్తే ఏం లాభం?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట ఉండదు, తాజా చేప తగ్గిపోతుంది. ఆ రెండు నెలలూ మేము ఎండు చేపే తింటాం.

మధురవాడ డైటీషియన్ | మార్చి 5, రాత్రి 8:50

పులుసు సంగతి చాలా బాగా చెప్పావమ్మా. వారానికి రెండుసార్లు అలా తింటే చాలు. ఎండు చేపలో ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవాళ్ళు చూసుకోవాలి. చేప తిననివాళ్ళు అవిసె గింజలు వేయించి కారప్పొడి చేసుకోవచ్చు. గంగవాయిల కూరలో కూడా ఒమేగా-3 ఉంటుంది, రైతు బజార్లో కట్టలు దొరుకుతాయి.

ఇక రిఫైన్డ్ విషమా అన్న ప్రశ్న. ముడి నూనెలోని జిగురు తీస్తారు, కాస్టిక్ సోడాతో పులుపు విరుస్తారు, ఒకరకం మట్టితో రంగు తీస్తారు, చివర 200 డిగ్రీల పైన ఆవిరి పంపి వాసన పోగొడతారు. సోయా, తవుడు లాంటి వాటిని హెక్సేన్ అనే ద్రావకంతో తీస్తారు. దాన్ని మళ్ళీ ఆవిరి చేసి వెనక్కి లాగేస్తారు, నూనెలో మిగిలేది పది లక్షల పాళ్ళలో 5 పాళ్ళు దాటకూడదని నిబంధన ఉంది. ఇంత ప్రయాణంలో రంగు, రుచి, కొంత విటమిన్-ఇ పోతాయి. అది నష్టమే. అంతమాత్రాన విషం అనడం సరికాదు.

గానుగ నూనెలో రుచి, వాసన, సహజమైన పోషకాలు మిగులుతాయి. కానీ ఒక జాగ్రత్త ఎవరూ చెప్పరు. వేరుశెనగ గింజలకి బూజు పడితే అఫ్లటాక్సిన్ అనే విషం తయారవుతుంది, అది కాలేయానికి చాలా చెడ్డది. రిఫైన్ చేసినప్పుడు అది దాదాపు పోతుంది. గానుగలో పోదు. మన ఊరి సముద్రపు తేమకి గింజ నిల్వ ఉంటే బూజు రావడం ఎంతసేపు? కాబట్టి గానుగ నూనె కొనేవాళ్ళు గింజ చూసి కొనాలి.

అనకాపల్లి గానుగ | మార్చి 5, రాత్రి 10:30

అమ్మా, మీరు గానుగ మీద మాటన్నారని కోపం రాలేదు. నిజమే చెప్పారు. మాది మా తాత నుంచి గానుగే. అప్పట్లో ఎద్దు తిరిగేది, ఇప్పుడు మోటారు తిరుగుతోంది. రోలు, రోకలి మాత్రం ఇప్పటికీ చెక్కవే.

గింజ బాగులేకపోతే నూనె బాగుండదు, అంతే. నా దగ్గరికి ఎవరైనా వేరుశెనగ గింజలు తెస్తే ముందు గుప్పెడు తీసి గోనె మీద పరుస్తాను. నల్లబడినవి, ముడతలు పడినవి, లోపల పసుపుపచ్చగా పొడి రాలేవి ఏరిస్తాను. ఏరడానికి ఓపిక లేదంటే ఆడనని చెప్పేస్తాను. ఇద్దరు ముగ్గురు అలిగి వెళ్ళిపోయారు కూడా.

ధర గురించి కూడా తెలుసుకోండి. రెండున్నర కిలోల గింజలు ఆడితే లీటరు నూనె వస్తుంది, అటూ ఇటూ. రెండున్నర కిలోల గింజల ధర మీరే లెక్క వేసుకోండి, దానికి ఆడినందుకు కూలి కలపండి, చెక్క (నూనె తీశాక మిగిలే పిండి) అమ్మితే వచ్చేది తియ్యండి. గానుగ నూనె అని బోర్డు పెట్టి ఆ గింజల ధర కంటే తక్కువకి అమ్ముతున్నాడంటే అందులో వేరేది కలిసిందనే. ఇంతకంటే పెద్ద పరీక్ష అక్కర్లేదు.

నువ్వులు ఆడేటప్పుడు కాస్త బెల్లం వేస్తాం. బెల్లం పడితే పిండి పట్టుగా చుట్టుకుని నూనె బాగా దిగుతుంది. మా ఊళ్ళో బెల్లానికి కొదవా! దిగిన నూనె రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే తేరుకుంటుంది. అడుగున మడ్డి దిగాక పైది వంచుకోవాలి. స్టీలు క్యానులో పోసి చీకట్లో పెట్టుకోండి, మూడు నెలలకి మించి ఉంచుకోవద్దు. ప్లాస్టిక్ సీసాలో పోసి కిటికీ దగ్గర పెడితే నెలకే కనరు వాసన వస్తుంది. మిగిలిన తెలకపిండి వదిలెయ్యకండి, కూర వండుకోండి. బాలింతలకి పెట్టే కూర అది.

ఏయూ హాస్టల్ కుర్రాడు | మార్చి 6, మధ్యాహ్నం 12:20

మా సంగతి ఎవరైనా చెప్పండి అన్నా. మెస్‌లో సాయంత్రం ఏమీ ఉండదు. బీచ్ రోడ్డుకి వెళ్తే పునుగులు, బజ్జీలు. మూకుడులో నూనె కాఫీ రంగులో ఉంటుంది. తిన్నాక గొంతులో మంట. అది అంత చెడ్డదా?

పూర్ణా మార్కెట్ కిరాణా | మార్చి 6, మధ్యాహ్నం 2:05

తమ్ముడూ, చెడ్డదే. మళ్ళీ మళ్ళీ కాగిన నూనె చిక్కబడుతుంది, అంచుల్లో సన్నటి నురగ కట్టి పోకుండా నిలబడుతుంది, చల్లగా ఉండగానే పొగ వాసన వస్తుంది. ఈ మూడూ ఉన్న మూకుడు దగ్గర ఆగకు. పొద్దున్న పాత నూనెలోనే కొత్త ప్యాకెట్ చింపి పోసేవాళ్ళని నేను రోజూ చూస్తాను. కొత్తది కూడా పాడవుతుంది అంతే.

మధురవాడ డైటీషియన్ | మార్చి 6, రాత్రి 9:10

2018 జూలై నుంచే దీనికి నిబంధన ఉంది బాబూ. మాటిమాటికీ కాచిన నూనెలో కొన్ని పదార్థాలు పేరుకుంటాయి, అవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదు. రోజుకి 50 లీటర్లు మించి వాడే హోటళ్ళు లెక్క రాసుకోవాలి, వాడేసిన నూనెని బయోడీజిల్ చేసేవాళ్ళకి ఇవ్వాలి. వీధి బండ్ల దగ్గర ఇది కొలిచేవాళ్ళు ఎవరూ ఉండరు, నీ కళ్ళే కొలత. ఆకలేస్తే ఉడికించిన వేరుశెనగకాయలు, మొక్కజొన్న కండె, ముంత మసాలా తిను. అవీ బీచ్‌లోనే దొరుకుతాయి.

ఇంట్లో వాళ్ళకి కూడా ఇదే మాట. పండక్కి గారెలు వండిన నూనెని గుడ్డలో వడకట్టి, ఒకటి రెండు రోజుల్లో కూరల్లోకి వాడెయ్యండి. మళ్ళీ మూకుట్లో పోసి అప్పడాలు వేయించొద్దు. సన్‌ఫ్లవర్ లాంటి నూనెలు ఎక్కువసేపు మరిగితే త్వరగా పాడవుతాయి, అందుకని పిండివంటలకి వేరుశెనగ నూనె నయం.

బెంగళూరులో విశాఖ | మార్చి 7, ఉదయం 8:00

ఆలివ్ ఆయిల్ మంచిదో కాదో ఎవరూ చెప్పలేదేం? మేము ఏడాదిగా అదే.

మధురవాడ డైటీషియన్ | మార్చి 7, ఉదయం 8:35

మంచి నూనే. కానీ లీటరు ధరకి వేరుశెనగ నూనె నాలుగైదు లీటర్లు వస్తుంది. మన పోపులో ఆవాలు చిటపటలాడి ఎండుమిర్చి వేగేసరికి దాని వాసన, రుచి ఏమీ మిగలవు. కొనగలిగితే వాడుకోండి, కొనలేదని దిగులు పడొద్దు.

అరకు టీచరు | మార్చి 7, రాత్రి 7:40

విశాఖ వాళ్ళంతా చలికాలంలో మా వైపు వచ్చి పసుపుపచ్చ పూలచేలో నిలబడి ఫొటోలు తీసుకుంటారు కదా, అవి వలిసె పూలు. ఆ గింజల్లోంచి నూనె వస్తుందని చాలామందికి తెలియదు. గిరిజనుల ఇళ్ళలో తరతరాలుగా వలిసె నూనే వంటకి వాడుక. గింజ సన్నగా, నల్లగా మెరుస్తూ ఉంటుంది. వేయించి దంచి పచ్చడి చేస్తారు, నువ్వుల పచ్చడికి ఏమాత్రం తీసిపోదు. ఈసారి వస్తే ఫొటోతో పాటు రెండు కిలోల గింజలు కూడా కొనుక్కెళ్ళండి, పండించినవాళ్ళకి నాలుగు డబ్బులు వస్తాయి. కొవ్వు గుణంలో అది సన్‌ఫ్లవర్‌కి దగ్గర, కాబట్టి దాన్ని పిండివంటలకి మరిగించొద్దు, పోపుకి వాడుకోండి.

కిట్టూ వాళ్ళమ్మ | మార్చి 8, మధ్యాహ్నం 2:50

అందరికీ ఎన్ని దండాలు పెట్టాలో తెలియడం లేదు. మావయ్యగారు చెప్పినట్టు మా అత్తగారిని అడిగాను. "అత్తయ్యా, అమ్మమ్మగారు నెలకి ఎంత నూనె వాడేవారు?" అని. ఆవిడ చేతిలో చిక్కుడుకాయలు ఉన్నాయి, ఈనెలు తియ్యడం ఆపేసి చాలాసేపు ఆలోచించారు. తర్వాత చెప్పారు. ఇంట్లో తొమ్మిది మంది. గానుగ నుంచి వారానికి సోలెడు (పాతకాలపు చిన్న కొలత) నూనె వచ్చేదట. అందులోంచే దేవుడి దీపానికి, అందులోంచే పిల్లల తలలకి. కూరకి చిన్న ఇత్తడి గరిటె ఉండేదట, అది ముంచి తీసి వంచితే మూకుడు అడుగు తడిసేదట, అంతే. వేపుడనేది పండక్కో చుట్టాలొస్తేనో. మిగతా రోజులన్నీ పులుసు, పప్పు, ఆవ పెట్టిన కూరలు, ఉడకబెట్టిన కూరలు.

చెప్పి చెప్పి ఆవిడే అన్నారు, "అయితే మనం నెలకి ఆరు లీటర్లు తింటున్నామా?" అని. నాకు నోట మాట రాలేదు.

ఉక్కునగరం మావయ్య | మార్చి 8, సాయంత్రం 4:15

అదేనమ్మా నేను అనుకున్నది. ఇప్పుడు ఎలా తగ్గించాలో నేను చేసినది చెప్తాను. డబ్బాలోంచి నేరుగా మూకుట్లోకి పొయ్యడం మానెయ్యి. ఒక లీటరు గాజు సీసా తీసుకో. ప్రతి సోమవారం పొద్దున్న అందులో 900 మిల్లీలీటర్లు పొయ్యి, మార్కర్‌తో గీత గియ్యి. మళ్ళీ సోమవారం దాకా ఇంట్లో నూనె అంటే అదే. డబ్బా అటక మీద పెట్టించు. మా ఇంట్లో ఇద్దరమే, మేము 300 పోసుకుంటాం. మొదటి వారం గురువారానికే అయిపోయింది. శుక్ర, శని, ఆదివారాలు మా ఆవిడ నూనె లేకుండా ఉడకబెట్టిన కూరలే పెట్టింది. రెండో వారం నుంచి చేతికి అదే అలవాటైంది.

మూకుట్లో చెంచాతో కొలిచి పొయ్యాలి. ఒంపితే చేతికి కొలత తెలియదు. వంకాయ వేపుడుకి ముక్కలు ఉప్పు వేసి మూత పెట్టి నీటి చుక్కలతో మగ్గించి, ఆఖర్న రెండు చెంచాల నూనె వేసి పెద్ద మంట మీద తిప్పు. వంకాయ ముక్క ముందే నూనెలో పడిందా, స్పాంజిలా మొత్తం తాగేసి ఇంకా కావాలంటుంది. దోసె పెనానికి సగం కోసిన ఉల్లిపాయని నూనెలో అద్ది రుద్దు. ఇవి మా ఆవిడ కిటుకులు, నావి కావు.

కిట్టూ వాళ్ళమ్మ | ఏప్రిల్ 12, రాత్రి 9:30

నెల దాటింది, సంగతులు చెప్తాను. మొదటి నెల నూనె, నెయ్యి కలిపి 4 కిలోల 700 అయింది. ఇంకా ఎక్కువే, కానీ ముందు 6 కిలోలకి దగ్గర ఉండేది. సీసా కాపలా ఇప్పుడు మా అత్తగారిదే. పిల్లలు బెండకాయ వేపుడు కరకరలాడడం లేదని రెండు రోజులు గొడవ చేశారు. ముక్కలు కోసి అరగంట ఫ్యాను కింద ఆరబెట్టి వేస్తే కొంచెం నూనెలోనే వేగింది, ఆ గొడవ తీరింది. పనసపొట్టు కూరకి మాత్రం అత్తగారు నన్ను చెంచా ముట్టుకోనివ్వలేదు, ఆ రోజు వాటా కంటే ఎక్కువే పడింది. మా ఆయన కైలాసగిరి వైపు రోజూ నలభై నిమిషాలు నడుస్తున్నారు. పరీక్ష జూన్ మొదటి వారంలో.

తవుడు నూనె కూరలకి, నువ్వుల నూనె పోపుకి. ఆడపడుచుకి కూడా ఈ చర్చ పంపాను. తను కూడా వాళ్ళింట్లో నెలకి ఎంతవుతోందో లెక్కేసుకుంది.

కిట్టూ వాళ్ళమ్మ | మే 6, ఉదయం 10:10

మళ్ళీ ఒక సందేహం. ఆవకాయ పెట్టాలి. మామిడికాయలు వచ్చేశాయి. మా అత్తగారి లెక్కలో రెండు లీటర్ల పప్పు నూనె (నువ్వుల నూనే) కావాలట. ఇది సీసా లెక్కలోకి వస్తుందా? ఆవకాయలో నూనె తగ్గించొచ్చా?

ఉక్కునగరం మావయ్య | మే 6, మధ్యాహ్నం 12:00

వస్తుందమ్మా, కానీ ఏడాది మొత్తానికి పంచుకో. ఐదుగురికి ఏడాదికి రెండు లీటర్లంటే మనిషికి రోజుకి ఒక గ్రాము. దానికి భయపడకు. జాడీలో తగ్గించొద్దు, ముక్క మునిగేలా నూనె లేకపోతే బూజు పడుతుంది. కంచంలోకి వేసుకునేటప్పుడు ముక్క, పిండి తీసుకుని పైన తేలిన నూనె జాడీలోనే వదిలెయ్యాలి.

అనకాపల్లి గానుగ | మే 6, రాత్రి 8:20

రెండు లీటర్లకి ఐదు కిలోల నువ్వులు పట్టుకురండి. ముందురోజు ఎండలో పోసి, చెరిగి, రాళ్ళు ఏరి తెచ్చుకోండి. శనివారం ఉదయం ఏడింటికి రోలు ఖాళీగా ఉంటుంది. అత్తగారిని కూడా తీసుకురండి, ఆవిడ దగ్గరుండి ఆడించుకుంటారు. బెల్లం నేనే వేస్తాను. నూనెకి రెండు స్టీలు క్యాన్లు, తెలకపిండికి ఒక సంచీ మర్చిపోకండి.